విమానానికి చక్రాల పెట్టె కొంటున్నారా? కింద నుంచి పైకి చూడండి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వాళ్లకు విమాన ప్రయాణమంటే ముందు రైలు ప్రయాణమో బస్సు ప్రయాణమో. బరంపురం నుంచి భువనేశ్వర్ సుమారు 170 కిలోమీటర్లు, విశాఖపట్నం అంతకంటే వంద పైచిలుకు ఎక్కువ. రాయగడ వాళ్లు పార్వతీపురం, విజయనగరం మీదుగా విశాఖకే దిగుతారు. కాబట్టి మీ పెట్టె విమానాశ్రయం నున్నటి గచ్చు మీద దొర్లేది ఆఖరి గంటా రెండు గంటలే. అంతకుముందు ఇంటి ముందు కంకర, ఆటో వెనక తాళ్లు, స్టేషన్ మెట్లు, ప్లాట్‌ఫారం అంచున చూపులేని వారి కోసం పరిచిన పసుపు బుడిపెల పలకలు, రైలు డబ్బా ఇనుప మెట్లు అన్నీ దాటాలి.

దుకాణంలో పెట్టెను రంగు చూపించి, పైన గట్టి పెంకులా ఉండే డిప్ప మెరుపు చూపించి అమ్ముతారు. రిపేరు షాపుకి వచ్చే పెట్టెల్లో మాత్రం ఎక్కువగా పోయి ఉండేవి చక్రాలు, లాగే హ్యాండిలు, జిప్పు రన్నరు. అందుకే చూడాల్సిన వరుస తిరగేయండి. ముందు చక్రం, తర్వాత హ్యాండిలు, తర్వాత జిప్పు. డిప్పను ఆఖరున చూసినా చాలు.

బజారుకి వెళ్లే ముందు: టికెట్టు, టేపు

ఏ సైజు కొనాలో మీ టికెట్టే చెబుతుంది. దేశంలో తిరిగే విమానాల్లో సాధారణ టికెట్టుకు చాలా సంస్థలు చెక్-ఇన్ సామాను 15 కిలోలు, చేతి సామాను 7 కిలోలు ఇస్తాయి. చేతి సామాను కొలత సంస్థను బట్టి 55 × 35 × 25 సెం.మీ. లేదా 55 × 40 × 20 సెం.మీ. లాగా ఉంటుంది. అమెరికా, కెనడా వెళ్లేవాళ్లకు మామూలుగా పెట్టెల లెక్క: ఒక్కో పెట్టె 23 కిలోలు, పొడవు, వెడల్పు, మందం కలిపి 158 సెం.మీ. దాటకూడదు. గల్ఫ్ టికెట్లలో కిలోలు సంస్థను, టికెట్టు రకాన్ని బట్టి మారతాయి. టికెట్టు మీద ఏం రాసి ఉంటే అదే లెక్క. ఎక్కడైనా సరే, ఒకే పెట్టె 32 కిలోలు దాటితే తీసుకోరు. డబ్బు కడతామన్నా రెండు పెట్టెలుగా విడదీయమంటారు.

విశాఖ నుంచి హైదరాబాద్‌కో ఢిల్లీకో ఒక టికెట్టు, అక్కడి నుంచి విదేశానికి వేరే టికెట్టు తీసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. అలా విడివిడిగా తీసుకుంటే మొదటి విమానంలో దేశీయ లెక్కే వర్తిస్తుంది, అంటే 15 కిలోలు. రెండూ ఒకే పి.ఎన్.ఆర్. మీద ఉంటే సాధారణంగా విదేశీ ప్రయాణపు లెక్కే మొదటి నుంచీ వర్తిస్తుంది. పెట్టె సైజు తేల్చుకునే ముందే ఇది చూసుకోండి.

ఇప్పుడు ఖాళీ పెట్టె బరువు. 55 సెం.మీ. క్యాబిన్ పెట్టె రెండు నుంచి మూడు కిలోలు, మధ్య సైజు మూడు నుంచి నాలుగు, 75 సెం.మీ. పైబడిన పెద్దది నాలుగు నుంచి ఐదు కిలోలు తూగుతాయి. 15 కిలోల టికెట్టుకు నాలుగున్నర కిలోల పెద్ద పెట్టె కొంటే బట్టలకు మిగిలేది పదిన్నర కిలోలే. పైగా ఖాళీ కనిపిస్తే ఇంట్లో ఎవరో ఒకరు ఏదో ఒకటి పెడుతూనే ఉంటారు. దేశంలోనే తిరిగేవాళ్లకు 65 నుంచి 69 సెం.మీ. మధ్య సైజు చాలు.

కొలతలో ఒక మోసం ఉంది. దుకాణంలో 28 అంగుళాలంటే ఒక్కోసారి చక్రాలు కలపకుండా చెప్పిన లెక్క. విమాన సంస్థ చక్రాలు, పైకి పొడుచుకొచ్చిన పిడి అన్నీ కలిపే కొలుస్తుంది. 78 × 52 × 32 పెట్టె కలిపితే 162 అవుతుంది, 158 దాటినట్టే. 75 × 50 × 30 అయితే 155, సరిపోతుంది. దర్జీ టేపు జేబులో పెట్టుకెళ్లి నేల నుంచి కొలవండి.

చక్రాలు

పెట్టెను తలకిందులుగా పెట్టమనండి. ఇక్కడ పది నిమిషాలు ఖర్చు పెడితే నష్టం లేదు.

మొదటి ప్రశ్న: రెండా, నాలుగా? నాలుగు చక్రాల పెట్టె నున్నటి నేల మీద పక్కన నడిచొస్తుంది, చేతి మీద బరువే పడదు. కానీ ఆ చక్రాలు చిన్నవి, సాధారణంగా 50, 60 మి.మీ. వ్యాసం. పైగా గుండ్రంగా తిరిగే కాడ మీద కిందికి వేలాడుతూ ఉంటాయి. సామాను ఎత్తి పడేసినప్పుడు మొదటి దెబ్బ ఆ కాడకే. కంకర మీద చక్రం అడ్డం తిరిగి నిలిచిపోతుంది, మనం బలవంతంగా లాగుతాం, అక్కడ కాడ వంగుతుంది. వాలు ప్లాట్‌ఫారం మీద, బస్సు నడవలో వదిలేస్తే తనంతట తనే కదిలిపోతుంది.

రెండు చక్రాల పెట్టెను వాల్చి లాగాలి, బరువులో కొంత చేతి మీద పడుతుంది. అయితే చక్రం పెద్దది, సగం పెట్టె లోపలే దాగి ఉంటుంది, ఇరుసు కదలదు. గుంటలూ పలకల సందులూ తేలిగ్గా ఎక్కి దిగుతుంది. 1987లో రాబర్ట్ ప్లాత్ అనే అమెరికా పైలట్ నిలువు పెట్టెకు రెండు చక్రాలు, పొడవాటి పిడి బిగించి తయారుచేసిన పద్ధతి ఇదే. ఇంటి నుంచి స్టేషన్ దాకా తారు రోడ్డో సిమెంటు రోడ్డో లేకపోతే, పెట్టె లాగేది వయసులో ఉన్నవాళ్లయితే, రెండు చక్రాలే తీసుకోండి. పెద్దవాళ్లు, నడుం నొప్పి ఉన్నవాళ్లు, రెండు పెట్టెలు ఒక్కరే నడిపించుకోవాల్సినవాళ్లు మాత్రం నాలుగు చక్రాలకే వెళ్లాలి. అప్పుడు ఒక్కో మూలకు జంట చక్రాలున్నది, అంటే మొత్తం ఎనిమిది ఉన్నది చూడండి. బరువు పంచుకుంటాయి, సందుల్లో తక్కువ ఇరుక్కుంటాయి.

ఇక పరీక్ష. చక్రాన్ని బొటనవేలితో గట్టిగా తిప్పి వదలండి. బేరింగు ఉన్నది చప్పుడు లేకుండా కొంతసేపు తిరుగుతుంది. ఉత్త ప్లాస్టిక్ బుష్షు మీద తిరిగేది గరగరమని రెండు మూడు చుట్లకే ఆగుతుంది. తర్వాత చక్రాన్ని రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ ఊపండి. వెంట్రుకవాసి ఆట ఉంటే పరవాలేదు. టకటకమని కొట్టుకుంటుంటే వద్దనండి. ఆపైన గోరుతో పై పొర నొక్కండి. రబ్బరులా కొంచెం లొంగి తిరిగి లేవాలి. రాయిలా గట్టిగా ఉంటే అది మామూలు ప్లాస్టిక్. పలకల మీద మోత మోగుతుంది, ఆ అదురంతా ఇరుసుకీ హ్యాండిలుకీ ఎక్కుతుంది.

ఇప్పుడు పెట్టె తెరిచి అడుగున లైనింగు జిప్పు తీయండి. చక్రాల గూడు స్క్రూలతో బిగించి ఉందా, రివిట్లతోనా? స్క్రూలయితే చక్రం పోయినప్పుడు మన ఊళ్లోనే విప్పి మార్చుకోవచ్చు. రివిట్లయితే డ్రిల్లుతో తొలిచి కొత్తవి కొట్టాలి. డిప్ప పలచన అయితే ఆ తొలిచిన చోటే పగులు మొదలవుతుంది. లైనింగుకి జిప్పే లేకపోతే, రిపేరుకి దాన్ని కోయాలన్నమాట. ధరలో పెద్ద తేడా లేనప్పుడు స్క్రూలున్నదే కొనండి.

మన వైపు చక్రాలకు ఇంకో శత్రువు తేమ. బరంపురం, గోపాల్‌పూర్, ఇచ్ఛాపురం పక్కన సముద్రపు గాలి ఏడాది పొడుగునా ఉంటుంది. చక్రాల మీది మెత్తటి పొర చాలావాటిలో పాలీయురేథేన్. ఆ పదార్థంలో కొన్ని రకాలు తేమ, వేడి తగిలి నెమ్మదిగా రసాయనికంగా విడిపోతాయి. అటక మీద పెట్టిన పెట్టె ఒక్కసారీ వాడకపోయినా, నాలుగైదేళ్ల తర్వాత దించి లాగితే చక్రం పొడి పొడిగా రాలిపోవడానికి కారణం ఇదే. కాబట్టి పాత పెట్టెను ప్రయాణం ముందురోజు కాదు, రెండు వారాల ముందే దించండి. చక్రం జిగటగా ఉన్నా, గోరు గుచ్చితే పెచ్చు ఊడినా మార్పించేయండి.

లాగే హ్యాండిలు

రెండు గొట్టాలది తీసుకోండి. ఒంటి గొట్టం హ్యాండిలు మెలి తిరుగుతుంది. అల్యూమినియం గొట్టం తేలిక, తుప్పు పట్టదు. పలచటి ఇనుప గొట్టం ఉప్పుగాలికి తుప్పు పట్టి బిగుసుకుంటుంది. ఏది ఏమిటో తెలియకపోతే చిన్న అయస్కాంతం పెట్టి చూడండి.

పూర్తిగా పైకి లాగి, పిడి పట్టుకుని పెట్టెను అటూ ఇటూ కదపండి. కొద్ది ఆట ఉండాలి, బొత్తిగా లేకపోతే అదురుకి విరుగుతుంది. కానీ చేతిలో లొడలొడలాడకూడదు. బొత్తాన్ని పది పన్నెండు సార్లు నొక్కి పైకీ కిందకీ నడపండి. రెండు గొట్టాలూ ఒకేసారి దిగాలి, ఒకటి ఆగి ఒకటి దిగితే లోపలి తీగ సరిగా లేదు. మీ ఎత్తుకు సరిపోతుందో కూడా అక్కడే నడిచి చూడండి. పొట్టి హ్యాండిలయితే పెట్టె మడమకు తగులుతుంది.

హ్యాండిళ్లు విరిగేది లాగినప్పుడు కాదు, ఎత్తినప్పుడు. రైలు ఎక్కేటప్పుడు తొందరలో పైకి లాగి ఉన్న హ్యాండిలునే పట్టుకుని ఇరవై కిలోల పెట్టెను పైకి లేపుతాం. గొట్టాలు అందుకోసం చేసినవి కావు. లోపలి లాకు పిన్ను ఆ బరువుకి జారుతుంది, లేదా గొట్టం వంగి మళ్లీ లోపలికి దిగదు. హ్యాండిలు దించేసి, పైన ఉండే చిన్న పిడి, పక్క పిడి పట్టుకునే ఎత్తాలి. అందుకే కొనేటప్పుడు ఆ రెండు పిడులనూ గట్టిగా గుంజి చూడండి. అడుగున చెయ్యి దూర్చడానికి గాడి ఉన్న పెట్టె దొరికితే ఇంకా మంచిది, డబ్బాలో పైనుంచి ఒకరు, కింద నుంచి ఒకరు అందుకోవచ్చు.

హ్యాండిలు బిగుసుకుంటే పొడిగుడ్డతో తుడిచి సిలికోన్ స్ప్రే కొద్దిగా వాడండి. కొబ్బరినూనె, ఆముదం పోయొద్దు. దుమ్ము పట్టి వారంలో ముద్ద కడుతుంది.

జిప్పు, తాళం

జిప్పు రన్నరు వెనక చూడండి, చాలావాటిమీద 5, 8, 10 అని అంకె ఉంటుంది. అది మూసిన పళ్ల వెడల్పుకి దగ్గరి లెక్క, మిల్లీమీటర్లలో. పెద్ద పెట్టె ప్రధాన జిప్పు 8కి తగ్గకూడదు, 10 అయితే నిశ్చింత. 5 లోపలి అరలకే పనికొస్తుంది. తెరిచి మూసేటప్పుడు మూలల దగ్గర ఆగకుండా తిరగాలి. ఖాళీ పెట్టెలోనే మూల దగ్గర పట్టేస్తే నిండాక రన్నరు నోరు తెరుస్తుంది. అలా నోరు తెరిచిన రన్నరును పట్టకారుతో రెండు వైపులా కొద్దిగా నొక్కితే చాలాసార్లు మళ్లీ పనిచేస్తుంది. ఇది ప్రయాణంలో ఉండగా గట్టెక్కడానికే, ఇంటికొచ్చాక రన్నరు మార్పించండి.

ఒక విషయం తెలిసి ఉండాలి. పళ్లు సన్నటి తీగ చుట్టలా ఉండే మామూలు చుట్ట జిప్పును బాల్‌పెన్ను మొనతో పొడిచి తెరిచి, రన్నరును ఒకసారి నడిపి మళ్లీ మూసేయవచ్చు, ఆనవాలు కూడా మిగలదు. తాళం ఎంత గట్టిదయినా దీన్ని ఆపలేదు. రెండు వరసల పొడుపు ఆపే జిప్పున్న పెట్టెలు దొరుకుతాయి, ధర కొంచెం ఎక్కువ. ఏది కొన్నా బంగారం, పాసుపోర్టు, సర్టిఫికెట్లు, మందులు చెక్-ఇన్ పెట్టెలో పెట్టొద్దు.

ఎర్ర వజ్రం గుర్తుతో టి.ఎస్.ఏ. అని రాసి ఉన్న తాళం అమెరికా వెళ్లేవాళ్లకు పనికొస్తుంది. అక్కడి తనిఖీవాళ్లు తాళం పగలగొట్టకుండా తమ తాళంచెవితో తీస్తారు. గల్ఫ్‌కో బెంగళూరుకో వెళ్లేవాళ్లు దానికోసం ప్రత్యేకంగా డబ్బు పెట్టక్కర్లేదు.

పెట్టె మందం పెంచే అదనపు జిప్పును వెళ్లేటప్పుడు వాడకండి. అది తెరిస్తే 158 లెక్క తప్పుతుంది, నాలుగు చక్రాల పెట్టె ముందుకు తూలుతుంది, రైలు సీటు కింద దూరదు.

డిప్ప

లోపలి చీటీ మీద పి.సి., ఏ.బి.ఎస్., పి.పి. అని ప్లాస్టిక్ రకం రాసి ఉంటుంది. ఏ.బి.ఎస్. చవక, తేలిక, బిరుసు. మూల మీద పడితే పగులుతుంది. పి.సి., అంటే పాలీకార్బొనేట్, లొంగి తిరిగి లేస్తుంది, ధర ఎక్కువ. పి.పి., అంటే పాలీప్రొపిలీన్, ఈ రెంటి మధ్య ధరలో దొరుకుతుంది, నూనె మరకలకు లొంగదు, రంగు లోపలి దాకా ఉంటుంది కాబట్టి గీతలు అంతగా కనబడవు. ఆవకాయ, నెయ్యి, పప్పుపొడులు మోసుకెళ్లే ఇళ్లకు ఇదే సరైనదని మా అభిప్రాయం. ఏ.బి.ఎస్., పి.సి. రెండూ రాసి ఉంటే చాలాసార్లు లోపల ఏ.బి.ఎస్., పైన పలచటి పి.సి. పొర అని అర్థం. దానికి పూర్తి పాలీకార్బొనేట్ ధర ఇవ్వకండి.

డిప్ప మధ్యలో అరచేత్తో నొక్కి వదలండి. లొంగి, తెల్లగీత పడకుండా వెనక్కి రావాలి. తెల్లగీత కనిపిస్తే అక్కడే రేపు పగులుతుంది. నున్నటి మెరుపు డిప్ప మొదటి ప్రయాణానికే గీతలు పడుతుంది. గరుకు, గాళ్లున్నవి నయం.

గుడ్డ పెట్టెలకూ మంచి గుణాలున్నాయి. ఒక్క వైపే తెరుచుకుంటాయి, చిన్న గదిలో సర్దుకోవచ్చు. దెబ్బకు పగలవు. వానాకాలంలో మాత్రం విమానం దగ్గర తెరిచిన బళ్ల మీద సామాను తడుస్తుంది, లోపలి బట్టలు ప్లాస్టిక్ సంచుల్లో ఉండాలి. మూలలకు ప్లాస్టిక్ కాపు ఉన్నదే కొనండి, గుడ్డ అరిగేది అక్కడే.

దుకాణంలో బరువేసి చూడండి

ఖాళీ పెట్టె ఏదైనా బాగానే దొర్లుతుంది. దుకాణదారుని అడిగి పది, పదిహేను కిలోల సామాను, లేకపోతే చిన్న బ్యాగులన్నీ అందులో కుక్కి, గడప దాటించి రోడ్డు మీద ఇరవై అడుగులు లాగండి. చక్రాలు ఒక పక్కకు లాగుతున్నాయా, హ్యాండిలు మెలి తిరుగుతోందా, ఆపి వదిలితే నిలబడుతోందా చూడండి. ఇందుకు ఒప్పుకోని దుకాణం వదిలేసి పక్క దుకాణానికి వెళ్లండి. చీటీ మీద అచ్చువేసిన ధరలో ఇంత శాతం తగ్గింపు అన్న బోర్డుకు విలువ లేదు, ఆ అచ్చు ధరకు పెట్టెలు అమ్మరు. మూడు పెట్టెల సెట్టు చవకగా కనిపిస్తుంది, కానీ మీకు కావలసింది ఒకటే అయితే ఆ డబ్బుతో మంచి చక్రాలున్న ఒకటి వస్తుంది.

వారంటీ కాగితంలో చక్రాలు, హ్యాండిలు, జిప్పు ఉన్నాయో లేదో చదివించుకోండి. తయారీ లోపానికే వర్తిస్తుందని, విమాన సంస్థ చేసిన దెబ్బకు వర్తించదని చాలావాటిలో ఉంటుంది. బరంపురంలోనే సర్వీసు ఉందా, భువనేశ్వర్ పంపాలా అడగండి. బిల్లు ఫొటో ఫోనులో పెట్టుకోండి.

సర్దేటప్పుడు

బరువైనవి చక్రాల వైపు, అడుగున. సీసాలు, పచ్చడి డబ్బాలు మధ్యలో, చుట్టూ బట్టలు. ఆవకాయ డబ్బా మూతకి టేపు వేసి, రెండు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి, గాలి తీసి ముడివేయండి. నూనె కారితే మీ లైనింగే కాదు, పక్కవాళ్ల పెట్టె కూడా పాడవుతుంది. ఎండుకొబ్బరి వేడికి తనంతట అంటుకునే సరుకుల జాబితాలో ఉంది, చెక్-ఇన్‌లోనూ చేతిలోనూ తీసుకోరు. గల్ఫ్ వెళ్లేవాళ్లు గసగసాలు పెట్టనే పెట్టొద్దు, అక్కడ పెద్ద నేరం. పవర్‌బ్యాంకు చేతి సామానులోనే ఉండాలి. ఛార్జింగు బ్యాటరీ బిగించిన స్మార్ట్ పెట్టె కొనాలనుకుంటే ఆ బ్యాటరీ చేత్తో ఊడి వచ్చేదై ఉండాలి, లేకపోతే చెక్-ఇన్‌కు తీసుకోరు.

కొక్కెం కాటాతో ఇంట్లోనే తూచి, పరిమితికి అరకిలో తక్కువ ఉంచుకోండి. పాత ప్రయాణాల బార్‌కోడు చీటీలు పీకేయండి, పెట్టె దారి తప్పడానికి అవీ ఒక కారణం. వేలాడే తాళ్లు, రిబ్బన్లు బెల్టులో చిక్కుకుంటాయి. గుర్తుకోసం రంగు స్టిక్కరు అతికించండి. పేరు, ఫోను నంబరు లోపల కూడా ఒక కాగితం మీద రాసి పెట్టండి. కౌంటరులో ఇచ్చే ముందు నాలుగు వైపులా ఫొటోలు తీసుకోండి.

దిగాక

బెల్టు మీద నుంచి తీసిన వెంటనే, హాలు దాటకముందే చక్రాలు తిప్పి, హ్యాండిలు లాగి, మూలలు చూడండి. విరిగి ఉంటే అక్కడే విమాన సంస్థ కౌంటరులో ఫిర్యాదు రాయించి, ఆ పత్రం నంబరు తీసుకోండి. విదేశీ ప్రయాణాల్లో సామాను పాడైతే అందుకున్న 7 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలని విమాన ప్రయాణాలపై దేశాలు కుదుర్చుకున్న మాంట్రియల్ ఒప్పందం చెబుతుంది. గీతలకు, మామూలు అరుగుదలకు సంస్థలు ఏమీ ఇవ్వవు. బయటికి వచ్చి రైలెక్కాక చూసుకుంటే, ఆ చక్రం ఎక్కడ విరిగిందో రుజువు చేయడం కష్టం.

ఇంటికొచ్చాక చక్రాల ఇరుసుకు చుట్టుకున్న వెంట్రుకలు, దారాలు కత్తెరతో తీసి, తడిగుడ్డతో ఉప్పు, ఇసుక తుడిచి, ఆరబెట్టి పెట్టండి. ప్లాస్టిక్ కవరు చుట్టి అటక మీద పడేయకండి, లోపల తేమ నిలుస్తుంది. గాలి తగిలే చోట, పక్కకు పడుకోబెట్టి ఉంచితే చక్రాల మీద బరువు పడదు.

చక్రం మార్పించేటప్పుడు మూడు కొలతలు మిల్లీమీటర్లలో రాసుకెళ్లండి: బయటి వ్యాసం, వెడల్పు, ఇరుసు మందం. పాత చక్రం విప్పి తీసుకెళ్తే ఇంకా మేలు. ఒకటే పోయినా జత మొత్తం మార్పించండి. కొత్తదీ అరిగినదీ పక్కపక్కన ఉంటే పెట్టె ఒక వైపుకే లాగుతుంది, కొత్త చక్రం మీద బరువంతా పడి అదీ తొందరగా పోతుంది.